రైలులో చూపిన తూటా

సాయుధ పోరాటం నడుస్తున్న రోజులవి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని ఒక విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి తిరిగొచ్చాను. జనగామలో రైలెక్కితే, కొడకండ్ల దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె ఎదురుగా కూర్చుంది. మాటల్లో నా పని సంగతి విని, కొంగుముడి విప్పి ఒక తూటా నా అరచేతిలో పెట్టింది.

"మా కొడుకు పెయ్యిలకెల్లి తీసిన్రు నాయినా. గిది ఏడ చేసిన్రు?"

విమానాల రెక్కల్లో నేను బిగించిన మరతుపాకులకు సరిగ్గా అలాంటి తూటాలే వాడేవాళ్లు.

"తెల్వదవ్వా," అన్నాను.

తర్వాతి స్టేషన్‌లో సిపాయిలు ఎక్కి మూటలు వెతకసాగారు. ఆమె తూటాను చటుక్కున తీసుకుని, నములుతున్న తమలపాకుతోపాటు బుగ్గన పెట్టుకుంది. ఒక సిపాయి ఏ ఊరని గద్దించాడు. ఆమె నోరు తెరవలేదు.

"మా అవ్వ. మాటలు రావు," అన్నాను.

వాళ్లు దిగిపోయాక ఆమె తూటాను తీసి కొంగుతో తుడిచింది.

"అవ్వ అన్నవ్, మంచిదే. గని గిది ఏడిదో నీకెరికే బిడ్డా. చేతుల పెట్టంగనే, తిప్పి సూడకనే తెల్వదన్నవ్."

మహబూబాబాద్‌లో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఇంగ్లండ్‌లో ఏం చేసేవాడివని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, విమానాలకు రెక్కలు బిగించేవాణ్ణని చెప్పి ఊరుకుంటాను.