రెండు హెడ్‌లైటు బల్బుల కోసం అమలాపురం నుంచి కొత్తపేట

2005లో మా అన్నయ్య ఆనందరావుకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. మంగళవారం, శుక్రవారం ఉదయం ఆరున్నరకల్లా రాజమండ్రి ఆసుపత్రిలో ఉండాలి. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు. మా పాత చిన్న కారులో రెండు గంటల ప్రయాణం. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. ఆ రెండు రోజులూ సాయంత్రం క్లాసులే ఉండేలా చూసుకుని, తెల్లవారుజామున నాలుగుంపావుకి బయల్దేరేవాళ్ళం.

ఒక శుక్రవారం కొత్తపేట దాటాక కాలువ గట్టు రోడ్డు మీద వెళ్తున్నాం. ఎడమ లైటు అప్పటికే వెలగడం మానేసింది. కుడిది పసుపుపచ్చగా కాస్త దూరమే పడుతోంది. అరటి గెలలు కట్టుకుని రావులపాలెం మార్కెట్టుకి వెళ్తున్న సైకిలు నా కంటపడేసరికి దాదాపు దాని మీదికి వచ్చేశాను. బ్రేకు తొక్కితే నాలుగడుగుల దూరంలో ఆగింది కారు. ఆ మనిషి దిగి, జారిన గెల సరిచేసుకుని, "లైట్లు చూపించుకోండమ్మా" అని మళ్ళీ సైకిలెక్కాడు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్నేమో. వెనకసీట్లో నిద్రపోతున్న అన్నయ్య ఉలిక్కిపడి లేచి ఏమైందని అడిగాడు. గేదె అడ్డొచ్చిందని చెప్పాను. "నా కోసం నీకెందుకమ్మా ఈ అవస్థ, మానేద్దాం" అని అంతకుముందే రెండుసార్లు అన్నాడు. ఈ సంగతి తెలిస్తే నిజంగానే మానేస్తాడని నా భయం.

మర్నాడు శనివారం, మూడింటికి బల్బుల కోసం బయల్దేరాను. ఇంట్లో ఊరికే పడుకుని విసుగొస్తోందని అన్నయ్యా వచ్చాడు. గడియార స్తంభం దగ్గర ఒక స్పేర్ పార్టుల దుకాణంలో అడిగితే యజమాని మూడు రకాల బల్బులు గాజు బల్ల మీద పెట్టాడు. కారుతో వచ్చేలాంటి అరవై, యాభైఐదు వాట్లది ఒకటి. అంటే దూరం పడే వెలుగుకి అరవై, డిమ్ముకి యాభైఐదు. రెండోది అదే, గాజుకి నీలం పూత. మూడోది వంద, తొంభై వాట్లది.

"ఇదేయించుకోండి మేడమ్. పగల్లా ఉంటాది," అన్నాడు మూడోది చూపించి.

సైకిలు మనిషి ఇంకా నా కళ్ళ ముందే ఉన్నాడు. మారు మాట లేకుండా రెండూ నాలుగు వందలకి కొన్నాను. అమర్చే మనిషి ఆ రోజు లేడనీ, కొత్తపేటలో సత్యనారాయణ గారని పాత ఎలక్ట్రీషియన్ ఉన్నారనీ దుకాణం యజమానే దారి చెప్పాడు.

కొత్తపేట చేరేసరికి నాలుగున్నర. మెయిన్ రోడ్డు నుంచి ఎడమకి తిరిగితే పాత రైస్ మిల్లు పక్కన రేకుల షెడ్డు. సత్యనారాయణ గారికి అరవై దాటి ఉంటాయి. నేనిచ్చిన పెట్టె మీద అంకెలు చదివి, తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఇవి నేను వెయ్యనండి."

"ఏమండీ, సరిపడవా?"

"సరిపడతాయండి. అదే వచ్చిన చిక్కు. తొమ్మిదేళ్ళ కింద ఓ జీపుకి ఇలాంటివే వేసేనండి. ఆ జీపు ఎదురొచ్చి, కళ్ళు బైర్లు కమ్మి, సైకిలు మీదొచ్చే మనిషి కాలవలోకి పోయేడు. మా బామ్మర్దేనండి. బతికేడు గానీ కాలు తీసేసేరు. నేనే వేసేనని ఇంట్లో చెప్పడానికి ఏడాది పట్టింది."

అప్పుడు కారులోంచి అన్నయ్య గొంతు వినిపించింది. "చెల్లాయ్, నిన్న అడ్డొచ్చింది గేదె కాదు కదా?"

"ఎలా తెలుసు?"

"గేదె లైట్లు చూపించుకోమని చెప్పదు."

ఉన్నదంతా చెప్పేశాను. నేను భయపడ్డట్టు మానేద్దామని అనలేదు. "మరైతే సరిగ్గా చేయించు. తొందరేం లేదు, కూర్చుంటాను," అన్నాడు.

సత్యనారాయణ గారు లైటు వెనక రబ్బరు తొడుగు ఊడదీసి, మాడి నల్లబడ్డ హోల్డరు చూపించారు. బాడీకి బిగించిన ఎర్తు తీగ తుప్పు పట్టి పొడిలా రాలింది. "కరెంటు బల్బు దాకా రాటం లేదండి. వంద వాట్లవి పెడితే ఈ హోల్డరు నెల తిరక్కుండా కరిగిపోద్ది." నీలం పూతవి వేస్తేనో అని అడిగాను. వాన కురిసేటప్పుడు మామూలు గాజే మేలన్నారు. హోల్డర్లు, ఎర్తు తీగ మార్చి, తన దగ్గరున్న అరవై, యాభైఐదు వాట్ల బల్బులు రెండూ గాజు చేతికి తగలకుండా గుడ్డతో పట్టుకుని బిగించారు. వేలి జిడ్డు అంటితే అక్కడ వేడెక్కి తొందరగా పోతాయట. కూలితో కలిపి నాలుగు వందల ఇరవై అయింది.

మసక పడేదాకా ఆగి, కారుని మిల్లు గోడకి ఎదురుగా ఇరవైఐదు అడుగుల దూరంలో పెట్టించారు. నేను అన్నయ్యని దింపి కుర్చీలో కూర్చోబెట్టబోతే వారించారు.

"ఉండనివ్వండి. ఇక మీదట తెల్లారగట్ల అందులో కూర్చునేది ఆయనే గదండీ. స్ప్రింగులు మెత్తబడ్డాయి, వెనకాల బరువుంటే ముందు లేస్తాది."

అన్నయ్య భారీ మనిషి. ఆయన కూర్చుని ఉండగానే కారు లైట్లు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో గోడ మీద సుద్దతో గీసి, డిమ్ము ఆ గీతకి నాలుగు వేళ్ళు కిందికి వచ్చేదాకా మరలు తిప్పారు.

"ఆయ్, ఇప్పుడు మీకూ కనపడద్ది, ఎదరోడికీ కనపడద్ది."

సోమవారం అమలాపురం దుకాణంలో వంద వాట్ల బల్బులు తిరిగిచ్చి, అవసరమున్న ఫ్యాన్ బెల్టూ వైపర్లూ తెచ్చుకున్నాను. మంగళవారం అదే గట్టు మీద ఎదురుగా పాలక్యాన్లతో ఒక సైకిలు వచ్చింది. డిమ్ చేశాను. అతను వంకర్లు పోకుండా తన పక్కన తాను వెళ్ళిపోయాడు. ఆరుంపావుకి ఆసుపత్రి గేటు దగ్గరున్నాం. అన్నయ్య దారంతా నిద్రపోయాడు.

ఆ దారిలో మేమిద్దరం ఏడాదిన్నర తిరిగాం. 2007లో అన్నయ్య పోయాడు. ఆ తర్వాత ఒక రోజు ముసురులో రావులపాలెం నుంచి ఒక్కదాన్నే వస్తుంటే వెలుగు బానెట్టు ముందే పడిపోతోంది, దూరం కనబడడం లేదు. బల్బులు పోయే దశకొచ్చాయనుకుని సత్యనారాయణ గారి దగ్గర ఆగాను. ఆయన లైట్లు వేయించి చూసి, ఖాళీ వెనకసీటు వైపు ఒకసారి చూసి, "బల్బులు బానే ఉన్నాయండి," అన్నారు. మరలు రెండు చుట్లు తిప్పి వెలుగు పైకి లేపి, డబ్బులిస్తే తీసుకోలేదు.

కోనసీమ గట్టు రోడ్ల మీద తెల్లవారుజామున కారు నడపబోయేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. బల్బులు కారుతో వచ్చిన వాట్లలోనే, రెండూ ఒకేసారి మార్పించండి. గోడ ముందు లైట్లు సరిచేయించేటప్పుడు, రోజూ మీతో ప్రయాణం చేసేవాళ్ళని కారులోనే కూర్చోబెట్టండి.