తలనొప్పి బిళ్ళ మందు కాదట

మా అక్క కుడిచేతి వేళ్ళు మంచువల్ల పోలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే వన్ టౌన్ చేపల మార్కెట్లో ఎవర్ని కదిలించినా మంచనే చెప్తారు. వాళ్ళ మొహం! వాళ్ళకేం తెలుసు? మంచే తినేస్తే మా అందరి వేళ్ళూ ఈపాటికి ఊడి బుట్టలో పడాలి కదా.

అక్కంటే నా తోబుట్టువు కాదు, మా ఆయన అన్నగారి పెళ్ళాం, గంగారత్నం. నా పేరు పద్మశ్రీ. మావాళ్ళది బందరు పక్కన సముద్రపు ఊరు. పెళ్ళిళ్ళయ్యాక అందరం బెజవాడ వచ్చి ఒకే ఇంట్లో పడ్డాం. మార్కెట్లో పక్కపక్కనే కత్తిపీటలేసుకుని చేపలు కోస్తాం, అదీ మా బతుకు. నా పీట ముందు జనం లేకపోయినా అక్క పీట ముందు వరస కట్టేవాళ్ళు. కొర్రమీనుకి బూడిద రాసి, తల మీద ఒక్కటిచ్చి, తోలు లాగిందంటే చంటిపిల్లాడి చొక్కా విప్పినట్టు ఊడొచ్చేది. నోరు కూడా అట్టాంటిదే. ముక్కలు పెద్దవి కొట్టమని ఎవరైనా అంటే, "ముందు మీ నోరు తెరవండి బాబూ, కొలత చూసుకుంటా" అనేది. తిట్టించుకోడానికే వచ్చేవాళ్ళున్నారంటే నమ్మండి.

ఆమెకున్న పీడల్లా పార్శ్వపు నొప్పి. తలలో ఒక్క పక్కే పోటు. వెలుతురు చూడలేకపోయేది, కక్కుకునేది. చేపల కంపులో కూర్చుని ఆ నొప్పి పడటమంటే ఎట్టా ఉంటదో ఆలోచించండి. ఆమె మొగుడు, మా బావ గంగరాజు, ఐసు ఫ్యాక్టరీ నుంచి మార్కెట్టుకి మంచు దిమ్మలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆయన మెడికల్ షాపులో అడిగి ఒక బిళ్ళ తెచ్చిపెట్టాడు. వేసుకుంది. గంటలో లేచి కూర్చుని, "ఒసేయ్ పద్మా, దేవుడున్నాడే" అంది.

దేవుడు అక్కడే మొదలుపెట్టాడు. ఎప్పుడో ఒకటి వేసుకునేది కాస్తా వారానికోటి, తర్వాత రోజుకోటి అయింది. నొప్పి రాకముందే, వస్తదేమోనని కూడా వేసుకునేది. ఆ బిళ్ళ అలవాటైతే మర్నాటి నొప్పిని అదే తెస్తదని మాకెవడు చెప్పాడు? మెడికల్ షాపువాడికి డాక్టరు చీటీ అడిగే ఓపిక లేదు. బావకేమో ఒకటే పట్టింపు. ఇంట్లో ఉప్పు మరిచిపోతాడు, పప్పు మరిచిపోతాడు, బిళ్ళల అట్ట మాత్రం మరిచిపోడు. "ఇదిగో రత్నం, నీ అట్ట" అని చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని రొంటి సంచిలో వక్కా ఆకులతో పాటు దోపుకునేది.

తర్వాత వేళ్ళు తెల్లబడటం మొదలైంది. చీమలు పాకినట్టుందనేది, మొద్దుబారినయ్యనేది. మంచులో చెయ్యి పెట్టేవాళ్ళందరికీ ఉండేదే. పక్కపీట శౌరమ్మ, "మంచు పట్టిందే, ఉప్పునీళ్ళల్లో పెట్టుకో" అంది. అందరం అదే అన్నాం. కానీ వేడి టీ గ్లాసు పట్టుకుంటే మా వేళ్ళకి ప్రాణం వచ్చేది. ఆమెకి రాలేదు. ఇంటికెళ్ళాలంటే కొండ మెట్లెక్కాలి మేము. నాలుగు మెట్లెక్కి పిక్కలు పట్టేసినయ్యని కూర్చునేది. వయసే అనుకున్నాం. మార్కెట్లో ఉచిత శిబిరం పెడితే చేతికి పట్టీ కట్టి బీపీ చూశారు. బాగా ఎక్కువుందన్నారు. బీపీ బిళ్ళలు రాసిచ్చారు. ఎందుకు పెరిగిందని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. లైను పెద్దదుంది కదా పాపం, వాళ్ళకి తీరికేది!

పోయిన వానాకాలం ఆమెకి దగ్గు పట్టుకుంది. మా సందులో ఆరెంపీ డాక్టరు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చాడు. ఆ దగ్గు మందు, ఈ తలనొప్పి బిళ్ళ కడుపులో కలిశాయి. రెండు మూడు రోజులకే కుడిచేతి వేళ్ళు వంకాయ రంగుకి తిరిగినయ్యి. ముట్టుకుంటే ఐసుదిమ్మ. "మంచు నరాల్లోకి పోయింది" అని బావ ఏడుస్తా ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చాడు.

ఇప్పుడు వినండి, నాకు ఇప్పటికీ కడుపు మండే చోటిదే. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు అడిగాడు, "ఏమేం మందులు వాడుతున్నావమ్మా?" అని. అక్క, "బీపీ బిళ్ళొకటేనండీ, దగ్గుకి ఏదో ఇచ్చారు" అంది. అబద్ధం కాదు. మా ఇళ్ళల్లో తలనొప్పి బిళ్ళ మందు కాదు. టీలాంటిది, వక్కలాంటిది. టీ తాగుతున్నానని డాక్టరుకి ఎవరు చెప్తారు? వాళ్ళు డ్రిప్పులు పెట్టారు, రక్తం పల్చబడే మందిచ్చారు. ఈమె ఎవరూ చూడనప్పుడు రొంటి సంచిలోంచి బిళ్ళ తీసి మింగతానే ఉంది. ఒకపక్క వాళ్ళు రక్తం దారులు తెరుస్తుంటే ఇంకోపక్క ఈమె మూసుకుంటంది.

పెద్ద డాక్టరమ్మ శాంతకుమారి గారు రౌండుకొచ్చి, ముంజేతి దగ్గర నాడి దొరక్క, రెండో చేతిక్కూడా సరిగ్గా దొరక్క, నుదురు ముడేసుకుని నిలబడ్డారు. అప్పుడే అక్క తల పట్టుకుని నాతో, "సంచిలో బిళ్ళుంది, ఇటియ్యవే" అంది. డాక్టరమ్మ ఆ అట్ట నా చేతిలోంచి లాక్కుని వెనక్కి తిప్పి చదివారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. "చాన్నాళ్ళ నుంచీ రోజూనండీ" అన్నా. అప్పుడు ఆవిడ మంచం మీదే కూర్చుని చెప్పారు. సెరొటోనిన్ అని మన వంట్లోనే ఒకటి తయారవుతదట, ఎక్కువ పేగుల్లో. రక్తంలో ప్లేట్‌లెట్లు దాన్ని మోసుకు తిరుగుతుంటాయి. ఎక్కడైనా తెగితే అక్కడ వదులుతాయి, అది రక్తనాళాన్ని బిగించి రక్తం కారకుండా చూస్తది. బాగున్న నాళాన్ని ఒక్కోసారి అదే వదులు కూడా చేస్తది, ఎక్కడ ఏం అవసరమో అట్టా. ఈ బిళ్ళకి ఆ తెలివి లేదు. సెరొటోనిన్ కూర్చునే చోట తను కూర్చుని బిగించు, బిగించు అంటదంతే. లేవమన్నా లేవదు. తలలో నాళాలు బిగిస్తే నొప్పి తగ్గుద్ది. కానీ అది తలలోనే ఆగదు కదా, వేళ్ళల్లో, పిక్కల్లో, అన్నిచోట్లా బిగిస్తది. దారులు ఇరుకైతే గుండె గట్టిగా తొయ్యాలి, బీపీ పెరిగేది అందుకే. పైగా ఆ దగ్గు మందు ఈ బిళ్ళని వంట్లోంచి పోనివ్వదు.

"మొదటిరోజే చెప్పుంటే వేళ్ళు దక్కేవేమో" అన్నారు ఆవిడ. అని ఊరుకోలేదు, "అడగాల్సినట్టు మేమూ అడగలేదు" అన్నారు. నిజం చెప్పినందుకు దణ్ణం పెట్టాలో, ఇప్పుడు చెప్పినందుకు తిట్టాలో తెలియలేదు నాకు.

రెండో చెయ్యి, కాళ్ళు దక్కాయి. కుడిచేతికి మూడు వేళ్ళు తీసేశారు, బొటనవేలు, చిటికెనవేలు మిగిలినయ్యి. ఆ రెండిటితో కొర్రమీను ఏం పట్టుద్ది?

బావ పగలంతా ఆటో మీద ఉంటాడు కాబట్టి డాక్టరమ్మ చెప్పింది ఆయన వినలేదు. అక్క నా చెయ్యి పట్టుకుంది, "మీ బావకి చెప్పబోకే" అని. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు చెప్పకూడదు? తెచ్చింది ఆయన కాదా?" అన్నా. "అందుకే. మంచయితే తప్పు ఊరందరిదీ. బిళ్ళయితే ఆయనొక్కడిదే. మోయలేడే" అంది. కట్టు కట్టిన చేత్తో నా గడ్డం పట్టుకోబోయింది. సరే, చెప్పనన్నా.

ఇంటికొచ్చాక ఆమె పీట ఇంకొకావిడకి పోయింది. నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. డాక్టరమ్మ ఇచ్చిన వేరే మందుతో కొంచెం నయం. అయినా నొప్పొచ్చిన రోజు చీకటి చేసుకుని పడుకుంటది. బావ సాయంత్రం ఎప్పట్లానే అట్ట తెచ్చేవాడు. ఆమె తీసుకునేది. ఆయన అటు తిరగ్గానే చూరులో దోపేది, వేసుకున్నాననేది. నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

మొన్న ఆదివారం మా అమ్మాయి అపూర్వకి తల పోటొచ్చింది. ఇంటర్ పరీక్షలకి చదివీ చదివీ కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను పొయ్యి దగ్గరున్నా. ఇటు తిరిగేసరికి బావ దాని అరచేతిలో బిళ్ళ పెడతన్నాడు. "వేసుకో తల్లీ, మీ పెద్దమ్మకి ఇదే దిక్కు" అంటన్నాడు.

ఎట్టా దూకానో నాకే తెలియదు. దాని చెయ్యి విసిరికొట్టా. బిళ్ళ గచ్చు మీద దొర్లింది. "ఆ వేళ్ళు తిన్నది ఇదే బావా! మంచు కాదు, ఇదే!" అని అరిచా. డాక్టరమ్మ చెప్పిందంతా అక్కడే కక్కేశా. ఒక్క మాట మిగల్చలేదు.

ఆయన నన్ను చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ అక్కని చూశాడు. "మరి రోజూ నా చేతిలోంచి ఎందుకు తీసుకున్నావ్ రత్నం?" అన్నాడు.

"ఇంకేం తెచ్చావయ్యా నాకు?" అంది అక్క.