అంగీ వదలని మనిషి

కొన్నేళ్ల కిందట జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే బస్సులో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. గోదాముల్లో హమాలీలకు భద్రతా శిక్షణ ఇచ్చే ఉద్యోగంలో నేను అప్పుడే చేరాను. నా ఒళ్లో ఉన్న తాడూ నడుం బెల్టూ చూసి ఆమె అడిగింది.

"గివి ఎందుకు బిడ్డా?"

"గాలి ఆడని గుంతలోకి దిగే మనిషికి కట్టాలమ్మా. పడిపోతే పైనుంచే లాగుతాం. వెనకాల ఇంకొకరు దిగకూడదు."

ఆమె బెల్టును మెల్లగా తడిమింది.

"మా మరిది మక్కల గోదాముల గుంతలకు దిగి పడిపోయిండు. తమ్మీ అని ఒర్లుకుంట మా ఆయన దుంకవోయిండు. నేను ఎనుకకెల్లి అంగి పట్టుకున్న. కొట్టిండు, తిట్టిండు. నేను ఇడిసిపెట్టలే. తాళ్లు తెచ్చి పైకి గుంజేసరికి మరిది పానం పోయింది."

"మీరు పట్టుకోకపోతే ఇద్దరూ పోయేవాళ్లమ్మా."

"గది ఆయనకు ఎర్కే. అయినా శాన దినాలు నాతోని మాట్లాడలే."

ఇప్పుడు మాట్లాడతాడా అని అడిగేలోపే బస్సు కోరుట్ల చేరింది.

కోరుట్ల బస్టాండులో నెరిసిన గడ్డం మనిషి ఒకాయన బస్సు తలుపు దగ్గరికి వచ్చాడు. ఆమె సంచీ అందుకుని భుజానికి వేసుకున్నాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"పైలం, మెట్టు ఎత్తున్నది," అన్నాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ జనంలో కలిసిపోయారు.

ఇప్పటికీ ఏ గోదాములో శిక్షణ మొదలుపెట్టినా, గుంతలోకి దిగేవాడికన్నా ముందు, పైన నిలబడే మనిషిని పిలిచి మాట్లాడతాను.