గుంజకు కట్టిన తమ్ముడు

మా చిన్నప్పుడు మా ఊళ్ళో నడక వచ్చిన పిల్లల్ని వసారా గుంజకు కట్టేవాళ్ళు... చదివి కోప్పడకండి. కొల్లేటికోట దాటాక మా ఊరు. ఏ ఇంటి వెనక చూసినా నీళ్ళే. తెల్లారేసరికి అమ్మలు రొయ్యల షెడ్డుకు, నాన్నలు చేపల చెరువు గట్ల మీదికి వెళ్ళిపోతే, రెండేళ్ళ పిల్లల్ని నీళ్ళవైపు పోకుండా ఆపేది ఆ కట్టే.

మా తమ్ముడు చిన్నోణ్ణి అమ్మ పాత చీర పీలికతో కట్టేది. నడుముకు మెత్తగా ఒక చుట్టు, గుంజకు రెండు ముళ్ళు. వాకిలి దాకా నడవగలడు, మెట్టు దిగలేడు... అంత పొడవే వదిలేది.

పక్కింటి మరియమ్మత్త రోజూ మా ముందు ఆగి, "ఏరా దూడా, మేత మేశావా?" అనేది. వాడు "అంబా" అని అరిచేవాడు. ఆవిడ నవ్వి, కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి వాడి నోట్లో పెట్టేది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులు. షెడ్డు ఆటో ఎక్కేముందు అమ్మ రోజూ ఒకటే చెప్పేది. "అన్నం వార్చు, ఆడికి పెట్టు, నువ్వు తిను. ముడి మాత్రం ముట్టుకోకమ్మా."

ఆ రోజు చెమటకు పీలిక ఒరుసుకుని వాడి నడుము మీద ఎర్రటి గీత పడింది. "ఇప్పక్కా... ఇప్పూ..." అని ఒకటే ఏడుపు. కాసేపే కదా, నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను అనుకున్నాను. ముళ్ళు విప్పాను. గీత మీద కొబ్బరినూనె రాశాను. పీలికను నాలుగు మడతలు పెట్టి చిలక్కొయ్యకు తగిలించాను... ఏ గుడ్డయినా అలా మడతపెట్టందే నాకు తోచేది కాదు.

వాడు పొయ్యి పక్కన మూకుడుతో ఆడుకుంటున్నాడు. అన్నం పొంగింది. గంజి వార్చడమంటే మీకు తెలుసు కదండీ... గిన్నెనూ మూతనూ రెండు చేతులతో కదలకుండా పట్టుకుని వంచాలి. వదిలితే కాళ్ళ మీద పడుతుంది. చివరి చుక్క దాకా వార్చాను. ఒక్క మెతుకు జారలేదు. తిరిగి చూస్తే మూకుడు ఒక్కటే ఉంది.

వెనక దడికి, గిన్నెలు తోముకునే రేవు వైపు, ఒక సందు ఉండేది...

నా కేకలు విని వచ్చి వాణ్ణి నీళ్ళలోంచి తీసింది మరియమ్మత్తే. అప్పటికే అయిపోయింది.

కబురు విని అమ్మ వచ్చింది. చేతులకు రొయ్యల నీచు అలాగే ఉంది. వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఎంతసేపు కూర్చుందో నాకు గుర్తులేదు. ఉన్నట్టుండి వాణ్ణి మరియమ్మత్త చేతుల్లో పెట్టి లోపలికి వచ్చింది. నేను తలుపు చాటున ఉన్నాను. అమ్మ గుంజను చూసింది. చిలక్కొయ్యను చూసింది. మా ఇంట్లో గుడ్డను అలా మడతపెట్టేది ఎవరో అమ్మకు తెలుసు. నావైపు ఒక్కసారి చూసి, పీలికను తీసి పొయ్యిలో పెట్టేసింది.

నాన్న చెరువు గట్టు మీంచి పరుగున వచ్చాడు. "కట్టలేదా?" అని ఒక్క మాటే అడిగాడు.

"తొందరలో మర్చిపోయాను," అంది అమ్మ.

పక్క ఊరి నుంచి వచ్చిన మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ, గుండెలు బాదుకుంది. "ఆరుగుర్ని పెంచాను. ఒక్కనాడు మర్చిపోలేదే... నువ్వేం తల్లివే."

నేను నోరు తెరవలేదు.

ఆ రోజు నుంచి నాన్న అమ్మతో మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు, ఇల్లు వదిలి పోలేదు. మాటలన్నీ నా చేత పంపేవాడు. ముగ్గురం ఒకే గదిలో కూర్చున్నా, "మీ అమ్మని కూరెయ్యమను" అనేవాడు. "రేపు చెరువులో చేపల పట్టుబడి. పెందలాడే లేవాలని చెప్పు మీ అమ్మకి." అమ్మకు వినబడుతూనే ఉండేది. అయినా నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు లేచేది. పదేళ్ళు అలాగే గడిచాయి...

పోయిన ఏడు మామ్మ మంచాన పడింది. అమ్మే ఎత్తి కూర్చోబెట్టి జావ పట్టేది. మామ్మ తాగుతూనే, "ఇదన్నా మర్చిపోకుండా తెచ్చావు" అనేది. ఆ మాట మీదే పోయింది. ఆవిడకు నిజం చెప్పలేకపోయాను... కాదు, చెప్పలేదు.

ఇప్పుడు ఏలూరులో డిగ్రీ చదువుతున్నాను. కొత్త మాట కనబడితే నోటుపుస్తకంలో రాసుకోవడం ఈమధ్యే అలవాటైంది. మొన్న ఓర్పుకు పర్యాయపదాలు రాసుకుంటున్నాను. సహనం, తాలిమి, క్షమ... అక్కడ కలం ఆగిపోయింది. ఆ శనివారమే ఊరికి వెళ్ళాను.

"నాన్నకి చెప్పేస్తానమ్మా," అన్నాను.

అమ్మ చేపలు తోముతోంది. చెయ్యి ఆపలేదు. "ఇప్పుడెందుకే. నామీదయితే నాకు అలవాటైపోయింది. రేపు నీతో కూడా మాట్లాడటం మానేస్తే నువ్వు తట్టుకోలేవు." ఇంకో చేప అందుకుని, "అయినా అప్పుడు మాకు కబుర్లెవరు మోస్తారు?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పిల్లల్ని ఎవరూ కట్టడం లేదు. అంగన్‌వాడీ వచ్చింది. రేవులకు గేట్లు పెట్టుకున్నారు. గుంజలు పోయి స్తంభాలు వచ్చాయి. మా ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు... మీ చిన్నప్పుడు మీ తప్పును తన నెత్తిన వేసుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి. కానీ ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, తర్వాత రాయండి.

నాన్న నా పోస్టులన్నీ చదువుతాడు. చెరువు గట్టున కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, ఒక లైకు కొడతాడు. ఇదీ చదువుతాడు.

నాన్నా... అమ్మ మర్చిపోలేదు. విప్పింది నేను. నాతో మాట్లాడకపోయినా పర్వాలేదు. అమ్మతో మాట్లాడు.