సజ్జా కింద కాపురాలు

ఊళ్ళో అందరూ అతన్ని తాడు మేస్త్రి అంటారు. పని గోడలకు రంగులు వేయడం. మిగతా రంగుల వాళ్ళు కర్రలు నిలబెట్టి, పలకలు పరిచి, పని మొదలుపెట్టేసరికి ఇతను డాబా మీంచి రెండు తాళ్ళు వదిలి, వాటికో బల్ల కట్టి, దాని మీద కూర్చుని సగం గోడ పూర్తి చేసేస్తాడు. "కర్ర ఇంకొకడు కడతాడు, తాడు నేను కట్టుకుంటాను. పడితే తిట్టుకోవడానికి మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు" అంటాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు.

అతని భార్య పెళ్ళికి ముందు ఇటుకల బట్టీలో పనిచేసింది. "నువ్వు గోడకి పూసేది పౌడరు. గోడ లోపలున్నది మా సరుకు" అని ఎప్పుడూ ఆటపట్టిస్తుంది. మేస్త్రికి రోషం వస్తుంది కానీ సమాధానం రాదు. ఇన్నేళ్ళ కాపురంలోనూ దొరకలేదు, ఇక దొరుకుతుందని నాకైతే నమ్మకం లేదు.

ఏటా ఎండాకాలంలో అతనికి ఖాయంగా దొరికే పని గ్రంథాలయం ముందు గోడ. మూడంతస్తుల పాత భవనం. పైఅంతస్తు సజ్జా కింద, నీడ పడే మూల నుంచి మూల దాకా, మట్టి గిన్నెలు అంటించినట్టు పిట్టగూళ్ళు ఉండేవి. తోక రెండుగా చీలిన చిన్న పిట్టలు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట. మట్టిపిట్టలు అనేవారు అందరూ. అరవై గూళ్ళ దాకా ఉండేవి. వాటి రెట్టలు మెట్ల మీద పడుతుంటే చదువుకోవడానికి వచ్చినవాళ్ళు పుస్తకం నెత్తిన పెట్టుకుని లోపలికి పరుగెత్తేవారు. అయినా ఎవరూ పెద్దగా గొణిగేవారు కాదు, ఎందుకంటే అవి తినేయడంతో చదువుకునే హాల్లో దోమన్న మాట లేదు.

మేస్త్రికి పని నేర్పిన గురువు ఒక కట్టుబాటు కూడా నేర్పాడు. గోడంతా ముందు వెయ్యాలి, సజ్జా అడుగు మాత్రం బళ్ళు తెరిచే వారం దాకా ముట్టుకోకూడదు. అప్పటికి పిట్టపిల్లలు ఎగిరిపోతాయి. ఖాళీ గూళ్ళు గీకేసి, కడిగేసి, రంగు వేసేస్తే వచ్చే ఏడాది వాటి ఇళ్ళు అవే కట్టుకుంటాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా మేస్త్రి ఆ మాట జవదాటలేదు. "పైన ఉన్నవి నా అద్దెవాళ్ళు. గడువు దాకా వెళ్ళగొట్టను" అని నవ్వేవాడు.

గ్రంథాలయం వెనక ఒక పిల్లకాలవ ఉండేది. ఒక ఏడు దాని గట్లకీ అడుగుకీ కూడా సిమెంటు చేయించారు. బాగుందని అందరూ మెచ్చుకున్నారు. గట్టు గోడకి పసుపు రంగు వేసింది మన మేస్త్రే. పిట్టలు గూళ్ళకు మట్టి తెచ్చుకునేది ఆ గట్టు నుంచేనని అతనికి తెలుసు. తెలిస్తే చాలా, తెలిసింది కావలసిన రోజున గుర్తుకు రావద్దూ!

ఆ మరుసటి ఎండాకాలం ఎండ కొంపలంటుకున్నట్టు కాసింది. ఏటా ఎండల మధ్యలో పడే రెండు జల్లులూ పడలేదు. మట్టిపిట్టలు వచ్చి నెలరోజులు ఊరికే తిరిగాయి. ఎక్కడో నీళ్ళ గొట్టం పగిలి ఇంత బురద అయ్యాకే గూళ్ళు మొదలుపెట్టాయి. ఇదంతా తర్వాత లెక్క కట్టుకుంటే తెలిసిన సంగతి. మేస్త్రి అప్పుడు చూసింది గోడ మీది క్యాలెండరు ఒక్కటే. బళ్ళు తెరిచారు. గీకుడు రేకు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు.

సజ్జా అడుగు గీకేటప్పుడు ఏ మేస్త్రీ పైకి చూడడు. చూస్తే పెచ్చులు కళ్ళల్లో పడతాయి. మొహం పక్కకి తిప్పుకుని, ఎడమచేత్తో తడిమి, కుడిచేత్తో గీకాలి. ఒక గూడు ఊడింది. రెండోది ఊడింది. మూడోదాని మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. పైకి చూస్తే మూడు పసుప్పచ్చ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కిందికి చూడ్డానికి అతనికి కాసేపు ధైర్యం చాలలేదు.

గ్రంథాలయం నడిపే మేడమ్ అప్పటికే మెట్ల మీదికి వచ్చి నిలబడి ఉంది. మేస్త్రి దిగేసరికి ఆవిడ రుమాలు పరిచి ఆ చిన్న ఒళ్ళను ఎత్తుతోంది.

"ఏం పని చేశావు మేస్త్రీ?"

"బళ్ళు తెరిచారు కదమ్మా..." అన్నాడు.

"తెరిస్తే? ఇవేమన్నా బడికి పోయే పిల్లలా?" అని ఒంటికాలి మీద లేచింది ఆవిడ. మరుక్షణమే అతని మొహం చూసి, రుమాలు మడుచుకుని లోపలికి వెళ్ళింది. ఆ ఏడు సజ్జా అడుగు అలాగే వదిలేసి, పిల్లలన్నీ ఎగిరిపోయిన చాలా నెలలకు గానీ ఖాళీ గూళ్ళు తీసి రంగు వెయ్యలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఎన్నడూ లేనిది, ఆవిడ ఆటపట్టించలేదు. కంచం ముందు పెట్టి పక్కన కూర్చుంది.

తర్వాతి ఏడు పిట్టలు పట్టుమని పది వచ్చాయి. రెండు రోజులు సజ్జా చుట్టూ తిరిగి వెళ్ళిపోయాయి. చదువుకునే హాల్లో దోమలు, దీపం పురుగులు ముసిరాయి. నావల్లే, నా చేత్తోనే అని మేస్త్రి కుమిలిపోయాడు. "నీ రేకు ఒక్కటే కాదు మేస్త్రీ. కాలవకి సిమెంటు, వానకి ఆలస్యం. కట్టుకోవడానికి ముద్ద మట్టి లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?" అంది మేడమ్. ఆ మాటకి బరువు తగ్గకపోయినా, ఏదో చెయ్యవచ్చన్న ఆశ మాత్రం పుట్టింది.

ఆ పై ఏడు ఎండలు మొదలవుతుండగా గ్రంథాలయం కమిటీ కూర్చుంది. అందులో ఒక పెద్దాయన, "అసలు పిట్టలే లేకపోతే పిట్టపిల్లలు చచ్చే గొడవే ఉండదు కదా" అన్నాడు. ఇంత గొప్ప మాటకి కమిటీ అంతా తలలూపింది. సజ్జా పొడుగునా వల బిగించమని తీర్మానం చేసేశారు. వల బిగిస్తే ఇక ఏ పిట్టా ఆ నీడలోకి రాలేదు. బిగించాల్సింది ఎవరు? తాడు మీద కూర్చోగలిగినవాడు ఊళ్ళో ఒక్కడే కదా!

మేడమ్ కమిటీతో పోట్లాడి పోట్లాడి ఇరవై రోజులు గడువు తెచ్చింది. ఆలోగా ఒక్క జంట గూడు మొదలుపెట్టినా వల వాపసు. లేదంటే నెలాఖరున మేస్త్రి ఎక్కాల్సిందే.

పిట్టలు వచ్చే రోజులే అవి. పొద్దునపూట తీగల మీద నాలుగైదు కనబడుతున్నాయి. ఎండ మాత్రం పోయినేటి కంటే ఎక్కువ, నేలంతా పెంకు. మేస్త్రి గ్రంథాలయం వెనక ఖాళీ స్థలంలో ఒక పాత రేకు పరిచాడు. మట్టి తెచ్చి, రాళ్ళేరి, జల్లెడ పట్టి, గోడకి గట్టిగా అంటుకోవాలని ఇంత జిగురు కూడా కలిపి, వెన్నలా మెదిపాడు. రంగుకి ముందు గోడకి పూసే లప్పం కూడా అంత నున్నగా అతను ఏ పెద్దింటికీ చెయ్యలేదు. ఆరు రోజులు కాపలా కాశాడు. ఒక్క పిట్ట వాలితే ఒట్టు.

ఏడోరోజు భార్య వచ్చి చూసింది. వేలితో తీసి వాసన చూసి, నడుం మీద చేతులేసుకుంది.

"ఏమయ్యా, లోకంలో అందరూ నీ లప్పంతోనే ఇల్లు కట్టుకోవాలా?"

"గట్టిగా ఉంటుందని కదే..."

"గట్టిగా ఉండేది జిగురుతో కాదు, గడ్డిపోగుతో. బట్టీలో మేం తొక్కిన మట్టి మర్చిపోయావా? ఇంత నున్నగా చేస్తే ఎండగానే పగుళ్ళు. నీకు తెలీకపోయినా ఆ పిట్టలకి తెలుసు. లే, పక్కకి లే."

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని రంగంలోకి దిగింది. రేకు తీయించి నేలనే జానెడు లోతు తవ్వించింది. బంకమట్టి, కాస్త ఇసుక, చిదిపిన ఎండుగడ్డి వేసి కాళ్ళతో తొక్కింది. అంతా అయ్యాక, "ఇది ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. ముద్దగానూ కాదు, గట్టిగానూ కాదు. గంటకోసారి తడపాలి" అంది.

అక్కడ వచ్చింది చిక్కు. ఊళ్ళో కుళాయి రోజు విడిచి రోజు, అదీ గంటసేపు. తాగడానికే నీళ్ళు లేవు, బురదకెక్కడ తెస్తాం? మేడమ్ ఆలోచించి, హాలు గుమ్మం దగ్గర ఒక బకెట్టు పెట్టి పైన చీటీ అంటించింది: "ఇంటికి వెళ్ళేటప్పుడు సీసాలో మిగిలిన నీళ్ళు ఇందులో పొయ్యండి. పిట్టల ఇంటికి కావాలి." మేస్త్రికి నమ్మకం కలగలేదు. దాహంతో అల్లాడే రోజుల్లో ఎవరు పోస్తారు?

పోశారు. పరీక్షలకు చదివే అమ్మాయిలు పోశారు, పేపరు చదవడానికి వచ్చే ముసలాయన గుక్కెడు తాగి మిగతాది పోశాడు. కొందరు ఇంటి నుంచి కూరగాయలు కడిగిన నీళ్ళు డబ్బాల్లో పట్టుకొచ్చారు. గ్రంథాలయం వాచ్‌మన్ పిల్లులను తరమడం తన ఉద్యోగంలో భాగం చేసుకున్నాడు. "బావా, ఇన్నేళ్ళూ మనుషుల్ని కాశాను, ఒక్కడూ మంచిగా చూసిన పాపాన పోలేదు. ఇవన్నా చూస్తాయేమో" అన్నాడు మేస్త్రితో. మేస్త్రి వాళ్ళందరికీ దండం పెట్టుకుంటూ తిరిగాడు. ఇన్నేళ్ళూ ఒక్కడే తాడు కట్టుకుని ఒక్కడే దిగిన మనిషికి, ఇంతమంది చేతులు తన కింద ఉండటం కొత్తగా ఉంది. కడుపులో పాలు పోసినట్టుంది కూడా.

పదమూడో రోజున ఒక పిట్ట మట్టి దగ్గర వాలి ముక్కుతో పొడిచి ఎగిరిపోయింది. పదహారో రోజున నాలుగు వాలాయి. గోళీ అంత ఉండలు తీసుకుని ఎటో వెళ్ళాయి. సజ్జా కిందికి రావడం మాత్రం ఎవరి కంటా పడలేదు. కళ్ళు కాయలు కాచేలా చూసినా ఒక్క మరక కనబడలేదు. కింది నుంచి మూడో అంతస్తు నీడలో బొటనవేలంత మచ్చ ఎవరికి కనబడుతుంది?

నెలాఖరు వచ్చేసింది. కమిటీ పెద్దాయన కుర్చీ వేయించుకుని మెట్ల ముందు కూర్చున్నాడు. మేడమ్ మొహం తిప్పుకుని నిలబడింది. మేస్త్రి వల చుట్ట భుజాన వేసుకుని డాబా మీంచి బల్ల దించుకున్నాడు. చెయ్యననడానికి నోరు రాలేదు. గడువు ఇచ్చారు, గడువు అయిపోయింది. రంగుల పనిలో మాట పోతే మళ్ళీ రాదు.

సజ్జా కిందికి రాగానే, ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు. తలెత్తి చూశాడు. మూలన, తెల్లటి గోడ మీద, నల్లటి తడి ముద్ద. పక్కన ఇంకొకటి. దానిపక్కన మరొకటి. మూడూ కలిసి నెలవంక లాంటి గీత. అందులోంచి ఒక గడ్డిపోగు బయటికి వేలాడుతోంది.

"అమ్మా!" అని కేకేశాడు. "ఉందమ్మా! మొదలెట్టారు!"

మేడమ్ పరుగున రోడ్డు మధ్యకి వెళ్ళి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు, కళ్ళజోడు తీశాడు, పెట్టుకున్నాడు. "ఏమో, నాకేం కనబడట్లేదు" అన్నాడు. అదే సమయానికి ఒక పిట్ట నోట్లో మట్టితో దూసుకొచ్చి, బల్ల మీద మనిషిని చూసి, గిర్రున వెనక్కి తిరిగింది. అది అందరికీ కనబడింది. పెద్దాయనకి కూడా.

"సరే, సరే. ఆ వల దించెయ్యవయ్యా" అన్నాడు.

మేస్త్రి వలని తాడుకి కట్టి మెల్లగా కిందికి వదిలాడు. తనూ దిగబోయాడు. అంతలో పిట్ట మళ్ళీ వచ్చింది. ఈసారి తిరిగిపోలేదు. అతని చెవికి జానెడు దూరంలో గోడని పట్టుకుని, మట్టి అద్ది, గడ్డంతో అదిమింది. జంటలో రెండోది వెనకే వచ్చింది. ఇప్పుడు తాడు కదిలితే బెదిరిపోతాయి. మేస్త్రి ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయాడు.

అన్నం వేళ దాటింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. కింద నుంచి భార్య, "ఏమయ్యా, దిగవేం? పక్షివైపోయావా?" అని అరిచింది. మేస్త్రి చూపుడువేలు మాత్రం కదిపాడు. ఆవిడ పైకి చూసింది, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మెట్ల మీద మాట్లాడుకుంటున్న వాళ్ళందరినీ చేత్తో అదిలించి ఊరుకోబెట్టింది. ముసలాయన పేపరు మడిచి పట్టుకున్నాడు.

పిట్ట మళ్ళీ మళ్ళీ వెళ్ళి వచ్చింది. ఆ గూళ్ళు ఊడగొట్టిన చెయ్యి దాని రెక్కకి తగిలేంత దగ్గరలో ఉంది. దానికి ఆ సంగతి తెలియదు. తెలిసినా వచ్చేదో రాదో ఎవరు చెప్పగలరు? మేస్త్రి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. పెదవులు మాత్రం మెల్లగా కదిలాయి.

"రండమ్మా," అన్నాడు. "మీ ఇల్లే. మెల్లగా కట్టుకోండి."