మీటరు చూపిన పన్నెండు వోల్టులు

2018లో దసరా వెళ్లిన వారం ఎల్బీనగర్‌లోని మా కంప్యూటర్ సర్వీసు సంస్థ నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరుకు పంపింది. అప్పటికి నేను సీనియర్ ఇంజనీరుని. యంత్రాన్ని పరీక్షించి, లోపం ఏమిటో రిపోర్టులో రాసి, సంతకం పెట్టడం నా పని. పాతికేళ్ల అనుభవం కాబట్టి నా సంతకానికి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. అది నాకు కాస్త నెత్తికెక్కింది కూడా.

అక్కడి ఆపరేటర్ సరోజది అల్మాస్‌గూడ. హాల్ టికెట్ల ఫైలు తెరవగానే ఆమె కంప్యూటరు ఆరిపోయి, తనంతట తనే మళ్లీ మొదలయ్యేది. "లొల్లంతా గా కరెంటు డబ్బాలనే ఉంది సార్" అందామె. ఆమె అన్నది పవర్ సప్లై గురించి. నేను నవ్వి మల్టీమీటరు తీశాను. పవర్ సప్లైలో పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య పన్నెండు వోల్టులు ఉండాలి. పదకొండున్నర కంటే బాగా దిగితే యంత్రం నిలబడదు. నా మీటరు నిక్కచ్చిగా పన్నెండు చూపింది. ర్యామ్ మార్చాను, తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాను. లాభం లేకపోయింది. చివరికి "పవర్ సప్లై బాగుంది. వాడకంలో లోపం" అని రాసేసి వచ్చాను.

ఆ కాగితం చూసిన సెంటరు మేనేజరు గారు ఆమెకు సోమవారం దాకా గడువిచ్చారు. ఇంకొక్కసారి ఆగితే వేరే ఆపరేటర్ని చూసుకుంటామన్నారట.

శనివారం సరోజ నన్ను మళ్లీ పిలిపించింది. విసుక్కుంటూనే కొలిచాను. మళ్లీ పన్నెండే. ఆమె అంకె వైపు చూడలేదు, మీటరు అద్దం మూలకేసి చూసింది.

"గీ బొట్టు కింద ఏందో నల్లగ కనబడ్తుంది సార్. జర తుడువుండ్రి."

ఆయుధపూజ నాడు మీటరు అద్దం మీద నేనే నిండుగా కుంకుమ బొట్టు పెట్టాను. పూజ బొట్టు తుడవడానికి నాకు చెయ్యి రాలేదు.

"మీకు భయమైతే నేను తుడుస్త. మేం చర్చికి పోయేటోళ్లం" అని కొంగుతో తుడిచేసింది.

కింద బ్యాటరీ గుర్తు ఉంది. మీటరు లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని దాని అర్థం. అప్పుడు అంకె తగ్గదు, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కిందికి వెళ్లి కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి వేస్తే, అవే తీగల మధ్య పదిన్నర వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. పవర్ సప్లై మార్చాక సాయంత్రం దాకా కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగలేదు.

కొత్త రిపోర్టు "మీటరు లోపం వల్ల" అని మొదలుపెట్టాను. సరోజ పక్కన నిలబడి చదివింది.

"మొన్నటి కాగితం మీద సంతకం మీటరు పెట్టిందా సార్?"

ఆ మాట కొట్టేశాను. "పరీక్షించినవారి పొరపాటు. ఆపరేటరు మొదటిరోజే సరిగా చెప్పారు" అని రాసి, మేనేజరు గారి చేతికి నేనే ఇచ్చాను. సోమవారం సరోజ తన కుర్చీలోనే కూర్చుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ యంత్రాన్ని కొలిచినా ముందు ఒక కొత్త బ్యాటరీ మీద మీటరును పరీక్షించుకున్నాను. రిపోర్టులో మొదటి వాక్యంగా వాడేవాళ్లు చెప్పిందే రాశాను. నా అభిప్రాయం రెండో వాక్యానికి జరిగింది.