అమ్మ, కారు చక్రాలు, నాన్న పేకముక్కలు

ఈ ఉదయం ఏలూరులో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కూర్చుని కారు చక్రాలకు నేనే రంగు కొట్టుకున్నాను. స్ప్రే డబ్బాను ఊపగానే లోపల గోలీ టకటకలాడింది, మూత తీసి నొక్కగానే ముక్కుపుటాలు మండించే, అయినా మరోసారి పీల్చాలనిపించే ఆ ఘాటు వాసన గుప్పుమంది. అంతే, ఆకివీడు అవతల మా పాత ఇంటి పెరట్లోకి వెళ్ళిపోయాను.

మాది చేపల చెరువుల మధ్య ఇల్లు. ఏ కిటికీ తెరిచినా నీళ్ళే. వేసవిలో మాత్రం చేపలు పట్టేశాక చెరువును ఎండగట్టేవారు. అడుగు మట్టి నెర్రెలిచ్చి పెద్ద మైదానమయ్యేది. సెలవుల్లో పిల్లలందరం ఆటలకు అందులోకే దిగేవాళ్ళం, రెండో పంట దాళ్వా వరికోతల ఊక గాలికి ఎగిరొచ్చి చెమట ఒంటికి అంటుకునేది, గోక్కుంటూ ఇంటికి చేరితే కొత్తావకాయ అన్నంలో వెన్నముద్ద ఎదురుచూస్తుండేది. అమ్మ కారు నేర్చుకున్నదీ ఆ ఎండిన చెరువులోనే. గుద్దినా గట్టునే గుద్దుతుందని నాన్నే దగ్గరుండి నేర్పారు. అమ్మ కొంగు బొడ్లో దోపుకుని గుండ్రంగా తిప్పుతుంటే గట్టు మీద కూలీలు పని ఆపి మరీ చూసేవారు.

చెరువులో నడపనిచ్చిన మనిషి రోడ్డు మాత్రం ఎక్కనిచ్చేవారు కాదు. అమ్మకున్న కోరిక ఒక్కటే. మామిడిపళ్ళ రోజుల్లో కామవరపుకోటలోని పుట్టింటికి తనే కారు నడుపుకుంటూ వెళ్ళాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ బస్సులు మారుతూనో, నాన్నకు తీరిక చిక్కినప్పుడో తప్ప వెళ్ళింది లేదు. నాన్న కాదనేవారు కాదు, ఆయనకు కటువుగా మాట్లాడ్డం చేతకాదు. ఏదో వంక చెప్పి దాటేసేవారు. ఆ ఏడు దొరికిన వంక చక్రాలు. గట్ల మీద బురదలో తిరిగీ తిరిగీ మా పాత తెల్లకారు చక్రాలకు తుప్పు పట్టింది.

"ఈ చక్రాలతో మీ ఊళ్ళోకెళ్తే నా పరువేం కాను? రంగేయించాక చూద్దాంలే" అన్నారు. ఎప్పుడు వేయిస్తారో చెప్పలేదు.

అమ్మ బట్టలకని ఏలూరు వెళ్ళి, సంచి అడుగున వెండిరంగు స్ప్రే డబ్బాలు దాచి తెచ్చింది. నాన్న కారు ఇంట్లో ఉంచి చేపల లారీలో వెళ్ళిన రోజున ఇద్దరం పెరట్లో కూర్చుని, గరుకు కాగితంతో వేళ్ళు ఎర్రబడేలా తుప్పు రుద్దాం. టైరుకు రంగు అంటకుండా అడ్డు పెట్టిన కాగితాలు గాలికి నిలవలేదు. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించి, లోపలికెళ్ళి నాన్న పేకముక్కలు పట్టుకొచ్చింది! సాయంత్రమైతే పేక పడందే మావైపు మగవాళ్ళకు పొద్దుపోదు. అందులోనూ అవి నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వని ప్లాస్టిక్ ముక్కలు. టైరుకూ రేకుకూ మధ్య సందులో ఒక్కొక్కటీ దోపుతూ పోతే చక్రం చుట్టూ రాజులూ రాణులూ కొలువుదీరారు.

"తర్వాత తుడిచేద్దాంలేవే" అంది అమ్మ.

మొదటి పూతకు ఊక అంటుకుంది. మళ్ళీ రుద్ది, నేల మీద నీళ్ళు చల్లి, ఇంకో పూత కొట్టాం. చక్రాలు మెరిశాయి, పేకముక్కలూ మెరిశాయి. కిరసనాయిలుతో తుడిస్తే రంగుతో పాటు బొమ్మలూ లేచిపోయాయి.

సాయంత్రం స్నేహితులతో వాకిట్లో చాప మీద కూర్చుని నాన్న పెట్టె తెరిచారు. కళావరు రాణికి ముఖం లేదు.

"ఇదేంటండీ, ముక్కముక్కకీ గుర్తెట్టుకున్నారా?" అన్నాడొకాయన. అందరూ పగలబడి నవ్వారు. నాన్న లేచి పెరట్లోకి వస్తుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ కారు పక్కనే నిలబడి ఉంది.

"ఏవండీ, రంగేసేశానండీ. ఇంక పరువు పోదు కదా?"

నాన్న చక్రాలను చూశారు, అమ్మ గోళ్ళలో ఇరుక్కున్న వెండిరంగును చూశారు. "రోడ్డు మీద లారీలెక్కువ..." అని నసిగారు.

"మీరు చక్రాలన్నారండీ. లారీలనలేదు."

నాన్న తల దించుకుని, జేబులోంచి కారు తాళం తీసి అమ్మ చేతిలో పెట్టారు.

మర్నాడే ప్రయాణం. పక్క సీట్లో నాన్న లేని బ్రేకును కాలితో తొక్కుతూ కూర్చున్నారు. ఏలూరు దాటి మెట్టకెక్కేసరికి జీడిమామిడి తోటల వాసన కారు నిండా నిండింది. అమ్మమ్మ వీధిలోకొచ్చి, స్టీరింగు ముందు నుంచి దిగుతున్న కూతుర్ని చూసి హడలిపోయింది.

"అల్లుడుగారికి ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నానండీ అత్తయ్యగారూ. మీ అమ్మాయే తీసుకొచ్చింది" అన్నారు నాన్న. ఆయన అంత గర్వంగా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది.

ఆ కారు ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. మా ఇల్లున్న చోటు కూడా ఇప్పుడు చెరువే. అమ్మమ్మ లేదు, నాన్న లేరు, కామవరపుకోటలో మమ్మల్ని చూసి వీధిలోకి వచ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అమ్మ తాడేపల్లిగూడెంలో తమ్ముడి దగ్గర ఉంటోంది. మోకాళ్ళ నొప్పులతో కారు నడపడం మానేసింది. ఇందాక ఫోన్ చేసి, చక్రాలకు రంగేశానని చెప్పాను.

"ఎక్కడికే ప్రయాణం?" అంది సంబరంగా.

"ఎక్కడికీ లేదమ్మా. తుప్పు పట్టిందని వేశానంతే."

"అంతేనా!" అంది అమ్మ. ఆ గొంతులో నిరాశ విని నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె కలుక్కుమంది.